వాద్యములు అమ్మువారు, వాద్యములు ఎరిగినవారు

హైదరాబాదునుండి బొంబాయి పోవు రాజమార్గమున పడమరగా వెళ్లినచో రామచంద్రాపురము, ఆపై పటాన్‌చెరువు వచ్చును. పటాన్‌చెరువుకు చేరువనే ఇంద్రేశము కలదు. 1960వ దశకములో రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరువువద్ద ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రము ఏర్పడినది. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము వచ్చినది. వీని నడుమ చిన్నవియు పెద్దవియు అనేక కర్మాగారములు లేచినవి. 2016లో మెదకు జిల్లానుండి సంగారెడ్డి జిల్లా వేరుపడునాటికి ఈ ప్రాంతపు పల్లెలు పంట కాలమును మరచి షిఫ్టు సైరనుకు లేచుట నేర్చినవి.

పని వెంట మనుషులు వచ్చిరి. మనుషుల వెంట సంగీతమును వచ్చినది. అద్దె గదిలో చాప పరచి పదిమంది పిల్లలకు సరళీ స్వరములు చెప్పు గురువులు ఈ ప్రాంతమున దొరకుదురు. కాని పాఠము దొరకినంత సులభముగా వాద్యము దొరకదు. బియ్యము, సిమెంటు, టెలిఫోనులు అమ్ము అంగళ్లు ఇంటి ముందరనే యున్నవి. ఫిడేలు గాని, వీణ గాని, మంచి వేణువు గాని కావలసినవారు నగరమునకు పోవలసినదే. అచ్చట ఎదురగు అనుభవము మా పాఠకులలో పెక్కురకు తెలియనిది కాదు. అద్దము వెనుక వాద్యము, అద్దము ముందర “ముట్టరాదు” అను పలక, రెంటికిని కాపలాగా ఒక యువకుడు. శ్రుతి ఎంత అని అడిగినచో ధర చెప్పును. తంత్రులు ఎప్పుడు మార్చినారని అడిగినచో “కంపెనీ మాల్ సార్” అనును. వేణువును ఒకసారి ఊది చూతుమన్నచో, బిల్లు అయిన తరువాత ఇంటివద్ద ఊదుకొనుమనును. ఒక అంగడిలో మేము నాలుగున్నర శ్రుతి వేణువు కావలెనని అడుగగా, “నాలుగున్నర అయిపోయింది సార్, మూడున్నర ఉన్నది, ఇయ్యమంటరా?” అని ఎంతో మర్యాదతో సమాధానము వచ్చినది. మూడున్నర శ్రుతి యనునది లోకమున లేదు. ఎందుకు లేదో ముందు చెప్పుదుము.

ఇట్టివారిని నిందించుట తేలిక. నిందించుకొనుచు ఇల్లు చేరుట మన కలవాటే. కాని వాద్యమునకును, దానిని కొనువానికిని నడుమ, వాద్యము తెలియని మనిషి యొకడు ఎప్పుడు వచ్చి నిలిచినాడు? ఇది మన దేశమున అంత పాత సంగతి కాదు.

తెలంగాణమున కిన్నెర యున్నది. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్యగారి వలన ఆ పేరు నేడు అందరికిని తెలిసినది. వెదురు, సొరబుర్రలు, మైనము, తీగలు: ఇంతమాత్రపు సామగ్రితో ఆ వాద్యము తయారగును. దానిని వాయించు కుటుంబములకు అంగడితో పనిలేదు. డప్పు సంగతియు అంతే. చట్రమునకు తోలు బిగించుట తెలిసినవానికే, మంటవద్ద ఎంత కాచిన ఎట్టి ధ్వని వచ్చునో తెలియును. ఇచ్చట చేయువాడు, అమ్మువాడు, వాయించువాడు అను మూడు పేరులును తరచుగా ఒకే మనిషివి.

వీణ వద్దకు వచ్చుసరికి మనుషులు ఇద్దరైరి. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారు తరతరములుగా పనస మ్రానుతో వీణలు చేయుచున్నారు. కుండ, దండి, మెడ వేరువేరుగా చేసి అతుకక, ఒకే మ్రానును తొలిచి చేసిన ఏకాండి వీణకు ఆ ఊరు ప్రసిద్ధి. వీణకు 24 మెట్లు. పూర్వము మెట్లను రాగమునుబట్టి జరుపుకొనవలసి యుండెననియు, 1600 మొదలు 1634 వరకు తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున అవి స్థిరపడెననియు ప్రతీతి. ఆ రాజు తెలుగు కవి కూడను. స్థిరపడెనని చెప్పుచున్నాము గాని, ఆ మెట్లు నిలుచునది మైనము మీద. నల్లని మైనపు గట్టుపై ఒక్కొక్క మెట్టును పెట్టి, తీగ మీటి, చెవి యొగ్గి, వెంట్రుకవాసి అటునిటు జరిపి అదుముదురు. దీనినే మేళము కట్టుట యందురు. దీనికి కొలబద్ద లేదు. కట్టువాని చెవియే కొలబద్ద. ఎండలకు మైనము మెత్తబడును, ఏండ్లు గడచినకొలది మెట్లు తప్పును, మేళమును తిరిగి కట్టింపవలసి వచ్చును. కాబట్టి వీణ కొనుట ఒకనాటి బేరము కాదు. కొన్నవాడు మేళము తెలిసినవాని గడపను మరల త్రొక్కవలసినదే. మరల తన గడపకు రాబోవు మనిషికి చెడ్డ సరుకు అంటగట్టుటకు ఎవనికిని ధైర్యము చాలదు. ఆ కాలపువారు మనకంటె నీతిమంతులని మేము చెప్పబోము. వారి వ్యాపారమే వారిని అట్లు కట్టివేసినది.

ఆ కట్టు సముద్రము మీదుగా వచ్చిన వాద్యములతో తెగినది. 1842లో పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబెయిన్ హార్మోనియమునకు పేటెంటు పొందెను. చిత్రముగా, అదే యేట మదరాసులో మిస్క్విత్ అను దొర పియానోలు, ఆర్గనులు అమ్ము అంగడి తెరచెను. తరువాతి కాలమున మ్యూసీ మ్యూజికల్ అను పేర ప్రసిద్ధి కెక్కినది అదియే. వాద్యమును చేసినవాడు వేయి క్రోసుల దూరమున నుండగా, కొనువాని ఎదుట నిలిచి దానిని గూర్చి మాటాడుటకు మూడవ మనిషి అవసరమయ్యెను. ఆ మూడవవాడే అంగడి గుమాస్తా.

మొదట వచ్చిన మూడవవారు మాత్రము సామాన్యులు కారు. కలకత్తాలో 1875లో ద్వారకానాథ ఘోష్ స్థాపించిన అంగడినే చూడుడు. తన పేరులో సగమును, లండనులో వాద్యములు చేయు డాకిన్స్ అను దొర పేరులో సగమును కలిపి దానికి ద్వార్కిన్ అని పేరు పెట్టెను. అప్పటి హార్మోనియములు కుర్చీపై కూర్చుండి, కాళ్లతో తిత్తి త్రొక్కుచు, రెండు చేతులతో వాయించునవి. మనవారు నేలపై కూర్చుండి పాడుదురనియు, ఒక చేయి చాలుననియు ఆయన గమనించెను. తిత్తిని వెనుకకు మార్చి, చేతితో ఊదునట్లు చేసి, పెట్టెను చిన్నది చేసెను. కొనవచ్చినవాడు ఎట్లు కూర్చుండునో చూచిన వ్యాపారి ఆయన. ఆ పెట్టె తరువాత నాటక సమాజములతో ఊరూర తిరిగినది. తెలుగుదేశమున పద్యనాటకమునకు అది లేనిదే తెర లేవని రోజులు వచ్చినవి.

హార్మోనియము మన భాషలోనికి ఒక లెక్కను కూడ తెచ్చినది. దానిపై తెల్లమెట్లను వరుసగా ఒకటి, రెండు, మూడు అని లెక్కింతురు. రెండు తెల్లమెట్ల నడుమనున్న నల్లమెట్టు అర. ఒకటికిని రెండుకును నడుమనున్నది ఒకటిన్నర. నాలుగుకును ఐదుకును నడుమనున్నది నాలుగున్నర. మూడవ తెల్లమెట్టునకును నాలుగవదానికిని నడుమ నల్లమెట్టు లేదు. కావున మూడున్నర లేదు. హార్మోనియమును ఒక్కసారి కన్నులతో చూచినవాడు సైతము ఈ సంగతి చెప్పగలడు. చెవి కూడ అక్కరలేదు. మాకు మూడున్నర వేణువు ఇవ్వజూపిన యువకునికి అడుగు దూరములోనే, వరుసగా అరడజను హార్మోనియములు మూతలు తెరచుకొని యుండెను.

ఈ పెట్టె తగినదా కాదా అని మన రేడియోలో జరిగిన చర్చ ప్రసిద్ధము. 1938లో జాన్ ఫౌల్డ్స్ అను ఆంగ్ల స్వరకర్త, ఢిల్లీ కేంద్రమున పనిచేయుచు, ‘ది ఇండియన్ లిజనర్’ అను కార్యక్రమ పత్రికలో హార్మోనియమును తీవ్రముగా ఖండించెను. మెట్టు మెట్టుకును విరిగిన 12 స్వరములతో, మన గమకమునకు కావలసిన జారుదల రాదని విమర్శకుల వాదము. రవీంద్రనాథ ఠాకూరు కూడ 1940లో కలకత్తా కేంద్రమునకు దానికి వ్యతిరేకముగా లేఖ వ్రాసిరి. ఆ యేడే రేడియోలో హార్మోనియము నిషేధింపబడినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. నిషేధము న్యాయమని మేము అనము. నాటకరంగమున దానితో బ్రతికిన కళాకారులకు అది పెద్ద దెబ్బ. అయినను ఒక స్వరము అటో ఇటో యని విద్వాంసులు ముప్పది యేండ్లు పోట్లాడిన దేశములో, అదే పెట్టెను అమ్ము గుమాస్తాకు దాని మెట్లెన్నియో ఎవరును నేర్పరైరి.

జపానులోని ఒక కథ ఇచ్చట చెప్పదగినది. 1887లో హమామత్సు పట్టణపు పాఠశాలలో రీడు ఆర్గను చెడిపోగా, యంత్రములు బాగుచేయు యమహా తొరకుసు అనునతనిని పిలిచిరి. అతడు దానిని విప్పి, బాగుచేసి, ఇట్టిది తానును చేయగలనని తలచి, చేసెను. చేసినదానిని కావడిపై మోసికొని, ఒక సహచరునితో హకోనె కొండలు దాటి, తోక్యోలోని సంగీత సంస్థకు నడిచి పోయెను. అచ్చటివారు విని, రూపము బాగున్నదిగాని శ్రుతి సరిగా లేదని మొగముమీదనే చెప్పిరి. యమహా కోపగించుకొనలేదు. అచ్చటనే నెల దినములు నిలిచి శ్రుతి శాస్త్రము నేర్చుకొని, ఇల్లు చేరి రెండవ ఆర్గను చేసెను. అతడు స్థాపించిన సంస్థ పేరు నేడు ప్రతి వాద్యముల అంగడిలోను బోర్డుపై నుండును. ఆ బోర్డు క్రింద నిలిచి శ్రుతి సరిగా లేదన్న కొనుగోలుదారునకు కలుగు గతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఇంద్రేశమునకు వత్తము. అచ్చట మాకు పరిచయమున్న ఒక కుటుంబము కలదు. తండ్రి పటాన్‌చెరువులో లేత్ మెషీనుపై పనిచేయును. మిల్లీమీటరులో నూరవవంతు తేడా వచ్చినను ముక్కను ప్రక్కన పారవేయుట అతని వృత్తి. తొమ్మిదేండ్ల కూతురు ఫిడేలు నేర్చెదనన్నది. పాత రికార్డులలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని ఆ పిల్ల ముచ్చటపడినదట. 1919లో విజయనగరము సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా నుండగా ఫిడేలు ఆచార్యులైనవారు ద్వారంవారు. ఆ వాద్యము పరదేశపుదను మాటను తెలుగువారు మరచునట్లు చేసినవారు వారు.

తండ్రి రెండు నెలల ఓవర్‌టైము డబ్బుతో, పిల్లను వెంటబెట్టుకొని దసరా సెలవులలో నగరమునకు పోయెను. ఫిడేలు పిల్లల వయసునుబట్టి పావు, అర, ముప్పాతిక, పూర్తి అను కొలతలలో దొరకును. గుమాస్తా పిల్ల చేతిని చూడనైన చూడక పూర్తి కొలత తీసి యిచ్చెను. “పెద్దదే తీస్కోండి సార్, పిల్ల రేపు పెరుగుతది గద!” బడి చొక్కా కొను తర్కమిది. పెట్టె కదిపినప్పుడు లోపల ఏదో దొర్లిన చప్పుడు వినబడగా తండ్రి అడిగెను. “చిన్న చెక్కముక్క సార్, ఏం కాదు” అని సమాధానము. నూరవవంతు తేడాను పట్టు మనిషి ఆ మాట విని ఊరకుండెను. తెలియని విద్యలో తెలిసినవాడని తోచినవాని మాట వినుట మర్యాద యని అతని తలపు.

మూడు వారములు పిల్ల ఇంటివద్ద కమాను లాగినది. ఎడమచేయి చాచి చాచి నొచ్చినది. వచ్చిన ధ్వని సన్నగా, జీరగా నుండెను. ఇంటివారు “దీనికి చెవి లేదేమో” అనిరి. ఆ మాట విని పిల్ల పెట్టె మూసివేసినది. మాకు అన్నిటికంటె బాధ కలిగించినది ఇదియే. సరుకు చెడ్డదైనచో డబ్బు పోవును. తనకు చెవి లేదని తొమ్మిదేండ్ల పిల్ల నమ్మినచో సంగీతమే పోవును.

పాఠములు మొదలైననాడు గురువుగారు పెట్టె తెరచి, ఫిడేలును చెవివద్ద కదిపి, సంగతి గ్రహించిరి. ఫిడేలు లోపల, గుర్రము పాదమునకు కొంచెము వెనుక, పై పలకకును క్రింది పలకకును నడుమ చిన్న కొయ్యపుల్ల నిలుచును. దానికి జిగురు లేదు. తంత్రుల బిగువే దానిని నిలుపును. ఫ్రెంచివారు దానిని ఆత్మ యందురు. దొర్లుచున్నది ఆ ఆత్మయే. తండ్రి మరల అంగడికి పోగా, అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదని రసీదుపై వ్రాసియున్న పంక్తిని చూపిరి.

ఆ గుమాస్తా పక్షమునను ఒక మాట చెప్పవలెను. అతడు పోయిన యేడు చెప్పుల దుకాణములో నుండి వచ్చినవాడు. పదిగంటలు నిలుచుండును. ఎన్ని పెట్టెలు అమ్మినాడో లెక్క వ్రాయుదురుగాని, ఎన్ని పెట్టెలు సరిగా మ్రోగుచున్నవో ఎవరును వ్రాయరు. కాలక్షేపమునకు వచ్చి తంత్రులు తెంపి పోవువారును ఉందురు. “ముట్టరాదు” అను పలక వారివలన వచ్చినదే. అతనికి ఒక నెల నేర్పించుటకు అంగడి యజమాని ఒప్పుకొనడు. నేర్చినవాడు వేరొక చోటికి పోవునని భయము. ఇప్పుడు టెలిఫోనులో కొనుగోలు చేయువారికి ఆ మూడవ మనిషియును లేడు. పెట్టె మాత్రము ఇంటికి వచ్చును, లోపల ఆత్మ నిలిచినదో దొర్లినదో తెరచినప్పుడే తెలియును.

గురువుగారు పాత బస్తీలో వాద్యములు బాగుచేయు ఒక వృద్ధుని చిరునామా ఇచ్చిరి. మేమును వెంట వెళ్లితిమి. బోర్డు లేని చిన్న గది. ఆయన ముందుగా ఫిడేలును చూడలేదు. “బేటీ, ఒక్కసారి స పాడు” అనెను. పిల్ల తండ్రి వంక చూచి, మెల్లగా పాడినది. “చెవి మంచిదే” అని, వంకర ఇనుప చువ్వను ఫిడేలు రంధ్రమునుండి లోపలికి పోనిచ్చి, పుల్లను నిలువబెట్టి, తంత్రులను బిగించి, ఆ పిల్ల గొంతుకు సరిపడు షడ్జ పంచమములకు శ్రుతి చేసెను. ఒక తంత్రి మార్చినందుకు మాత్రము డబ్బు తీసికొనెను. పూర్తి కొలతను రెండు మూడేండ్లు దాచుమనియు, తంత్రులను కొంచెము వదులు చేయుమనియు, బొత్తిగా వదలినచో పుల్ల మరల పడుననియు తండ్రికి చెప్పెను.

పిల్ల ఇప్పుడు గురువుగారి వద్దనున్న అర కొలత ఫిడేలుపై వర్ణము మొదలుపెట్టినది. పెద్ద ఫిడేలు బీరువాపై నున్నది. ఆదివారములందు తండ్రి దానిని దింపి, తుడిచి, చెవివద్ద పెట్టుకొని మెల్లగా కదిపి చూచును. లోపల చప్పుడు లేదు.