పైకి తేలిన నూనె

"అక్కా, మూడు సీసాలు వాపస్ వచ్చినయ్" అంటూ మొన్న మధ్యాహ్నం మా గుమ్మంలో కూలబడింది ఎదురింటి అమ్మాయి. అమ్మాయి అంటున్నానే గానీ, ఇద్దరు పిల్లల తల్లి లెండి.

మా జవహర్‌నగర్ మాజీ సైనికులకోసం ఏర్పడిన కాలనీగా మొదలైంది. ఇప్పుడు మాత్రం పది జిల్లాల మనుషులూ, పది రకాల యాసలూ ఇక్కడే కనిపిస్తాయి. వీళ్లది వనపర్తి దగ్గర పల్లెటూరు. అక్కణ్ణించి ఏటా ఓ బస్తా పల్లీలు వస్తాయి. ఈసారి వాటిని దోరగా వేయించి, పొట్టు ఊది, వెన్నలా రుబ్బి సీసాలకెత్తింది. పిల్లలు రొట్టెమీద రాసుకుంటారే, ఆ పీనట్ బటర్ అన్నమాట. పెద్దపిల్ల కాలేజీ ఫీజు రెండో వాయిదాకి ఈ సీసాల డబ్బే ఆధారం. అలాంటిది మూడు సీసాలు ఒక్కరోజే తిరిగొచ్చాయంటే ఎవరికైనా గుండె జారదూ?

"ఖరాబైందంట. మీద రెండేళ్ల మందం నూనె తేలిందంట. అంగట్ల కొన్నది గట్టిగ, నున్నగ ఉంటదంట" అని, కాసేపాగి గొంతు తగ్గించింది. "ఒకామె చెప్పిందక్కా. రుబ్బేటప్పుడు జర డాల్డా కలిపితే నూనె తేలదంట. కలపాల్నా?"

నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఎందుకంటే సుమారు వందేళ్లకిందట అమెరికాలో ఒక పెద్దమనిషికి వచ్చిన ఆలోచనా అదే. ఆయన దానికి పేటెంటు కూడా పుచ్చుకున్నాడు! ఆ సంగతి చెప్పడం మొదలుపెడితే మా టీలు చల్లారిపోయాయి.

అసలు ఈ పల్లీ మన గింజే కాదు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువాళ్ల ఓడలు సముద్రాలు దాటించాయి. తెలుగుదేశంలో కాలుపెట్టాక మాత్రం మనదైపోయింది. కోస్తాలో వేరుశనగ, తెలంగాణాలో పల్లీ, రాయలసీమకి వెళితే శెనక్కాయలు, బుడ్డలు. ఇన్ని ముద్దుపేర్లున్న పిల్లని పరాయిదంటే ఎవరు నమ్ముతారు? మా అమ్మమ్మగారింట్లో మంచినూనె అంటే నువ్వులనూనె. ఇక్కడ మా వీధిలో మంచినూనె అంటే పల్లీనూనె. ఎవరి మంచి వాళ్లది మరి!

పల్లీవెన్న కూడా మనదేశానికి నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1918లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో తిరుగుతున్న రోజుల్లో గాంధీగారి తిండి ముఖ్యంగా వేరుశనగ వెన్నా, నిమ్మకాయలూనట. అది మోతాదు మించే కడుపు చెడిందని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఆ పైన పండగరోజు కస్తూరిబా వండిన తీపి పదార్థం తిని పూర్తిగా మంచం పట్టారు. పాలు తాగితే తప్ప ఒళ్లు తేరుకోదన్నాడు డాక్టరు. ఆవుపాలూ, గేదెపాలూ ముట్టనని ఈయన వ్రతం. మేకపాలకి అభ్యంతరమేమిటని పక్కనుంచి అడిగింది ఎవరనుకున్నారు? కస్తూరిబాయే. మహాత్ముల వ్రతాల్లో సందులు వెతికి వాళ్లని బతికించుకోవలసిన బాధ్యత కూడా ఇల్లాలిదే కాబోలు!

సరే, అమెరికాకి వద్దాం. అక్కడ బాటిల్‌క్రీక్ అనే ఊళ్లో ఆరోగ్యాశ్రమం నడిపిన డాక్టర్ కెల్లాగ్ 1895 ప్రాంతంలో గింజల్ని రుబ్బి వెన్నచేసే పద్ధతికి పేటెంటు కోరాడు. మన పొద్దుటి పళ్లేల్లోకి వచ్చిన కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగ్ కుటుంబమే. పళ్లు లేనివాళ్లకీ, మాంసం మానినవాళ్లకీ బలమని ఆయన ఉద్దేశం. ఆయనకంటే ముందే, 1884లో, ఎడ్సన్ అనే కెనడా ఆయన వేరుశనగ ముద్దకి పేటెంటు తీసుకున్నాడు. వేరుశనగతో చేయదగ్గ నూటికి పైగా పదార్థాలు జాబితా రాసిన కార్వర్ గారే పీనట్ బటర్ కనిపెట్టాడని చాలామంది అంటారు గానీ, అది నిజం కాదు. రోట్లో వేసి రుబ్బడానికి పేటెంటేమిటని మన అమ్మమ్మలు నవ్వుకుంటారు, అది వేరే సంగతి.

పేటెంట్లు ఎవరివైతేనేం, మా ఎదురింటి అమ్మాయికొచ్చిన చిక్కే వాళ్లందరికీ వచ్చింది. పల్లీలో దాదాపు సగం నూనే. రుబ్బినప్పుడు గింజలో బందీగా ఉన్న నూనె బయటపడుతుంది. పిండి బరువెక్కువ కాబట్టి అడుక్కి దిగుతుంది, నూనె పైకి తేలుతుంది. అది చెడిపోవడం కాదు, దాని స్వభావం. అయితే పైకి తేలిన నూనెకి గాలి తగిలి కొన్నాళ్లకి ముక్కవాసన వస్తుంది. అందుకే ఆ రోజుల్లో అక్కడి కొట్లవాళ్లు పీపాల్లో పెట్టుకుని, చెక్క తెడ్డుతో కలియబెట్టి అమ్మేవాళ్లు. ఏ ఊళ్లో రుబ్బింది ఆ ఊళ్లోనే ఖర్చు కావాలి.

ఇంతలో జర్మనీలో నార్మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1901లో ఒక విచిత్రం చేశాడు. కారిపోయే నూనెలోకి నికెల్ సాయంతో హైడ్రోజన్ పంపితే, అది నెయ్యిలా గడ్డకట్టింది. 1921లో కాలిఫోర్నియాకి చెందిన జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ ఆ కిటుకుని పల్లీవెన్నకి పట్టించాడు. అలా గట్టిపరచిన నూనె కాస్త చేరిస్తే, అది చల్లారినప్పుడు కంటికి కనపడని పలుకులుగా పేరుకుని మిగతా నూనెని కదలకుండా పట్టుకుంటుంది. ఇంక తేలడం లేదు, తెడ్డు అక్కర్లేదు, రైలెక్కించి దేశం ఆ చివరికి పంపొచ్చు. 1930ల మొదట్లో స్కిప్పీ అనే పేరుతో తన సరుకు తనే అమ్ముకున్నాడు. అంగట్లో గట్టిగా, నున్నగా కనపడే సీసా రహస్యం అదీ. దానికి తోడు పంచదారా, ఉప్పూ.

మరి మనకి అదే కిటుకు ఇంకో వేషంలో వచ్చింది. 1937లో డాల్డా వచ్చింది. అప్పట్లో వనస్పతికి ముఖ్యమైన ముడిసరుకేమిటో తెలుసా? వేరుశనగ నూనే! చేలో పండిన కాయే గానుగకెళితే మంచినూనె, మిల్లుకెళితే డాల్డా. గాంధీగారు 1946లో హరిజన్ పత్రికలో వనస్పతిని గట్టిగా తప్పుబట్టారు. ఆయన బాధ ముఖ్యంగా ఒకటే: అది నెయ్యి వేషం వేసుకుని వస్తోందని. నిజానికి నేతిలో వనస్పతి కలిపితే పట్టుకోవడమెలాగని ప్రభుత్వం కూడా తల పట్టుకుంది. చివరికి వనస్పతిలో నూటికి కనీసం 5 పాళ్లు నువ్వులనూనె కలిపి తీరాలని చట్టం చేసింది. అనుమానమొచ్చిన నేతిని ఆసిడ్ వేసి పరీక్షిస్తే, నువ్వులనూనె జాడ ఉన్నచోట ఎర్రబారుతుంది. దొంగని పట్టుకోవడానికి దొంగ జేబులోనే గంట కట్టడమన్నమాట. నాకు భలే నచ్చిన చట్టమిది.

మా ఇంట్లో నా చిన్నప్పుడు పండక్కి డాల్డా డబ్బా రావాల్సిందే. దానిమీద తాటిచెట్టులాంటి బొమ్మ. అయిపోయాక ఆ డబ్బాలో తులసి మొక్క. మైసూర్‌పాక్ గుల్లగా రావాలంటే డాల్డాయే పడాలని మా అమ్మ వాదించేది. నూనెని సగంసగం గట్టిపరచినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకి చేటని ఆవిడకెవరు చెప్పారు గనక? శాస్త్రజ్ఞులకే 1990లలో గానీ గట్టి రుజువులు దొరకలేదు. 2022 జనవరి నుంచి మనదేశంలో నూనెల్లో, కొవ్వుల్లో అది నూటికి 2 పాళ్లు మించరాదని నియమం వచ్చింది.

అయితే అంగడి సీసా విషమేనా? అలా అనలేం. పీనట్ బటర్‌లో వాడేది చాలావరకు పూర్తిగా గట్టిపరచిన నూనె, అదీ నూటికి ఒకటి రెండు పాళ్లు. పూర్తిగా గట్టిపడినదాంట్లో ట్రాన్స్ కొవ్వు దాదాపు ఉండదు. 2001లో అమెరికా వ్యవసాయశాఖవాళ్లు రకరకాల సీసాలు పరీక్షించి, పట్టుబడేంత లేదని తేల్చారు. నా మటుకు నాకు ఆ గట్టినూనె కన్నా, అందులో పోసే పంచదార మీదే కోపం ఎక్కువ.

ఇక్కడే మీకు రూత్ డెస్మండ్ కథ చెప్పాలి. వాషింగ్టన్ పక్కన ఉండే మామూలు గృహిణి. భర్తకి కాన్సర్ వస్తే, తినే తిండిలో ఏమేం కలుపుతున్నారోనని ఆరా తీయడం మొదలుపెట్టింది. 1959లో తోటి ఇల్లాళ్లని కూడగట్టి సంఘం పెట్టింది. పల్లీవెన్నలో పల్లీలు తగ్గిపోయి చవక నూనెలు పెరుగుతున్నాయని ప్రభుత్వం అదే సంవత్సరం నియమం తేబోయింది. కంపెనీలు ఊరుకుంటాయా? పల్లీలు నూటికి 87 పాళ్లు చాలని వాళ్లు, 90 ఉండాలని వీళ్లు. మూడంటే మూడు పాళ్లకోసం వాదులాట! 1965, 66ల్లో జరిగిన విచారణ రికార్డు దాదాపు ఎనిమిదివేల పేజీలయ్యిందంటే చూడండి. హేమాహేమీ లాయర్ల మధ్య ఈవిడ కూర్చుని సాక్షుల్ని నిలదీసింది. పత్రికలు ముద్దుగా 'పీనట్ బటర్ బామ్మ' అన్నాయి. 1971కి 90 పాళ్ల నియమం ఖాయమైంది. గట్టిపరచిన నూనె వాడితే ఆ సంగతి సీసామీద రాయాలి.

ఇదంతా విని మా అమ్మాయి, "అయితే నాది మంచిదే కదా" అంది సంబరంగా. ఆగమన్నాను. ఏమీ కలపనంత మాత్రాన అన్నీ మంచివైపోవు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చచ్చాయి. చివరికి తేలిందేమిటంటే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో బూజు, ఆ బూజు పుట్టించిన విషం. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు. అది వేయించినా పూర్తిగా పోదు. మన పటాన్‌చెరువులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్‌లో వేరుశనగమీద జరిగే పరిశోధనల్లో ఇదొక పెద్ద భాగం. కాయ సరిగ్గా ఆరకపోయినా, గోనెకి చెమ్మ తగిలినా ఆ బూజు పట్టొచ్చు. ముడుచుకున్నవీ, రంగు మారినవీ, పుచ్చులూ చేటలో పోసి ఏరిపారేయాల్సిందే. యంత్రం రుబ్బుతుంది గానీ ఏరుతుందా?

"ఏరుతనక్కా, మా అత్త నేర్పింది గదే" అంది. వెళ్లి చేట పట్టుకొచ్చింది. నిజమే, పక్కన పోసిన తాలు గింజలు దోసెడున్నాయి. అందులో మంచివేమో అనిపించే రెండు గింజలు నేను తీయబోతే, చేతిమీద చిన్న దెబ్బ వేసి మళ్లీ తాలులో పడేసింది.

డాల్డా మాట మళ్లీ ఎత్తలేదు. కలిపితే కలిపానని సీసామీద రాయాలని చెప్పాను. రాస్తే ఇంట్లో రుబ్బిందని కొనేవాళ్లకి ఆ ముచ్చటెక్కడ మిగులుతుంది? చెంచాతో అడుగునుంచి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నూనె మళ్లీ తొందరగా తేలదు. ఆ ముక్కే చీటీమీద రాయించమన్నాను. సాయంత్రం కాలేజీనుంచి వచ్చిన పెద్దపిల్ల నోటుబుక్కు కాగితం చింపి, గుండ్రటి అక్షరాలతో రాసింది: "పల్లీలు, ఉప్పు. ఇంకేమీ లేదు. నూనె తేలితే కలుపుకోండి."

తిరిగొచ్చిన మూడింట్లో రెండు సీసాలు చీటీలతో మళ్లీ అవే ఇళ్లకి వెళ్లాయి. ఒకావిడ ఉంచుకుంది. రెండో ఆవిడ, తనకి నున్నగా ఉన్నదే ఇష్టమని మొహమాటం లేకుండా చెప్పి పంపించేసింది. మూడోది నేను కొనుక్కున్నాను. ఈ వ్యాసం రాస్తూ చెంచాతో కలిపి కలిపి తింటున్నాను గనక, సగం అయిపోయింది.