కోచ్ మాటకు తూకం దొరికిన కథ

పై అధికారులకు కోచ్‌ను పెడితే పని నిజంగా మెరుగుపడుతుందా? 1997లో అమెరికాలో దీనికి జవాబుగా ఊరించే అంకె ఒకటి అచ్చయింది. ఒలివెరో, బేన్, కోపెల్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రభుత్వ సంస్థలోని 31 మంది మేనేజర్లను పరిశీలించారు. మామూలు శిక్షణతో ఉత్పాదకత 22.4 శాతం పెరిగింది. ఆ తర్వాత ఎనిమిది వారాలు ఒక్కొక్కరికీ విడిగా కోచింగ్ ఇచ్చారు. పెరుగుదల ఏకంగా 88 శాతానికి చేరింది!

కోచింగ్ వ్యాపారానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ లెక్కలో ఒక లొసుగు ఉంది. పోల్చి చూడటానికి కోచింగ్ అందని మేనేజర్లు లేరు. ఆ రెండు నెలల్లో వాళ్లంతట వాళ్లే పనిలో ఆరితేరారేమో! తమను పట్టించుకుంటున్నారన్న హుషారే పని చేయించిందేమో! మంచి వానలు పడిన ఏడాది కొత్త ఎరువు వేసిన రైతు, పంట దేనివల్ల పండిందని చెప్పగలడు?

2003లో స్మిదర్, ఆయన సహచరులు పెద్ద ఎత్తున దిగారు. ఒకే బహుళజాతి సంస్థలో 1,361 మంది సీనియర్ మేనేజర్లు; వారిలో 404 మందికి కోచ్‌లు. కోచ్ ఉన్నవాళ్లు స్పష్టమైన లక్ష్యాలు పెట్టుకున్నారు, ఎలా మెరుగుపడాలో తమ పైవాళ్లను అడిగారు. కింద పనిచేసేవాళ్లు కూడా వారికి కాస్త మెరుగైన మార్కులే వేశారు. ఆ కాస్త నిజంగా కాస్తే. పైగా ఎవరికి కోచ్ అన్నది చీటీలు తీసి తేల్చింది కాదు గనుక అనుమానం మిగిలిపోయింది.

ఆ ముడి విప్పడానికి పూనుకున్నవాళ్లలో ఆంథొనీ గ్రాంట్ కథ వేరు. పదిహేనేళ్లకే బడి మానేసి వడ్రంగం నేర్చుకున్నారు, కాంట్రాక్టులు చేశారు. పెద్దయ్యాక మనస్తత్వశాస్త్రం పట్టుకుని, 2000లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో కోచింగ్ సైకాలజీకి ప్రత్యేక విభాగాన్నే నెలకొల్పారు.

2009లో ఆయన బృందం ప్రచురించిన ప్రయోగంలో ఒక ప్రజారోగ్య సంస్థకు చెందిన 41 మంది పాల్గొన్నారు. కోచింగ్ ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆగినవాళ్లకు అన్యాయం లేదు, వాళ్ల వంతూ వస్తుంది. ఆలోగా పోలికకు వాళ్లే! నాలుగంటే నాలుగే విడతల కోచింగ్. అయినా ముందు అందుకున్నవాళ్లలో లక్ష్యసాధన, ఒడిదుడుకులను తట్టుకునే శక్తి పెరిగాయి. కుంగుబాటు, ఒత్తిడి తగ్గాయి. 88 శాతం లాంటి మెరుపు ఇందులో లేదు. నా దృష్టిలో విలువ మాత్రం దీనికే ఎక్కువ.

ఇక మేలు ఎందుకు జరుగుతుందన్నది మరో చిక్కు. స్వభావాలు కలిసిన కోచ్‌తో జోడీ కుదరాలని చాలామంది అనుకునేవారు. 2016లో ఎరిక్ డి హాన్ బృందం 34 దేశాల నుంచి 1,895 జోడీలను పరిశీలిస్తే అలాంటిదేమీ తేలలేదు. ఫలితంతో గట్టిగా ముడిపడింది ఇద్దరి మధ్య కుదిరిన పని బంధమే, ముఖ్యంగా కోచింగ్ తీసుకునేవారి కళ్లకు అది కనిపించిన తీరు.