పద్దు బ్యాంకుది, గుట్టు మనది

“ఇంటి గుట్టు లంకకు చేటు” అని మన పెద్దలు ఊరికే అనలేదు. విభీషణుడు రాముడి పక్షాన చేరి లంక గుట్టు చెప్పాడు కాబట్టే రావణుడు ఓడిపోయాడని ఆ సామెత కథ. ఆ కాలంలో గుట్టు బయటపడాలంటే ఒక మనిషి నోరు విప్పాలి. ఇప్పుడు ఎవరూ నోరు విప్పక్కర్లేదు. మనం కార్డు గీకినా, ఫోనుతో స్కాన్ చేసినా, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ కొట్లో, ఎంత ఇచ్చామో ఎక్కడో ఒక కంప్యూటర్లో పద్దు పడిపోతుంది. ఆ పద్దు ఎవరిది? రాసుకున్న బ్యాంకుదా, ఖర్చుపెట్టిన మనదా? ప్రభుత్వం అడిగితే చాలు, ఇచ్చెయ్యాలా?

ఈ ప్రశ్నకు దాదాపు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో అమెరికా తుపాకీ దుకాణాలున్నాయి, హైదరాబాదు కలెక్టరు ఆఫీసు ఉంది, మన బెంగళూరు వీధి చివరి కిరాణా కొట్టు కూడా ఉంది. దాన్ని వరుసగా చెప్పడమే ఈ వ్యాసం పని.

చిట్టా, ఆవర్జా

మా తాతయ్యది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. అక్కడ శెట్టిగారి కొట్లో అందరికీ అరువు ఖాతా ఉండేదట. ఆ రోజు లెక్క చిట్టాలో రాసేవారు, ఎవరి ఖాతా వాళ్లకు ఆవర్జాలో ఎక్కించేవారు. ఆ పుస్తకం తిరగేస్తే ఎవరింట్లో పెళ్లి ఉందో, ఎవరింట్లో పంట పోయిందో తెలిసిపోయేది. కానీ అది శెట్టిగారి గల్లాపెట్టె దాటి బయటికి పోయేది కాదు. పోతే మర్నాటి నుంచి ఆ కొట్టు మెట్టు ఎవరూ ఎక్కరు కదా!

బ్యాంకులు వచ్చాక కూడా జనం అదే నమ్మకంతో ఖాతాలు తెరిచారు. 1906లో మంగళూరులో అమ్మెంబళ సుబ్బారావు పై స్థాపించిన కెనరా బ్యాంకు అలాంటిదే. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం మన టౌన్ హాలు దగ్గర జె.సి. రోడ్డులో ఉంది. ఈ చరిత్రలో ఆ బ్యాంకు పేరు మళ్లీ వస్తుంది. ముందు అమెరికా వెళ్లి రావాలి.

సారా బట్టీ కేసు

1972 డిసెంబరులో జార్జియా రాష్ట్రంలో పోలీసులు ఒక లారీని ఆపితే, అందులో సారా బట్టీ సామాను దొరికింది. కొన్ని వారాలకు ఒక గోదాములో మంటలు లేచాయి. ఆర్పడానికి వెళ్లినవాళ్లకు అక్కడ బట్టీ, పన్ను కట్టని విస్కీ కనిపించాయి. గోదామును అద్దెకు తీసుకున్నవాడు మిచ్ మిల్లర్. అధికారులు అతని ఖాతాలున్న రెండు బ్యాంకులకు తాఖీదులు పంపి, చెక్కులు, డిపాజిట్ చీటీలు తెప్పించుకున్నారు. జడ్జి ఇచ్చిన వారంటు లేదు. మిల్లర్‌కు ఎవరూ ఒక మాట కూడా చెప్పలేదు.

మిల్లర్ కోర్టుకెక్కాడు. 1976లో అమెరికా సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఏడుగురు జడ్జీలు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఆ కాగితాలు బ్యాంకు వ్యాపార లెక్కలే గానీ మిల్లర్ సొంత కాగితాలు కావని, తానుగా బ్యాంకు చేతిలో పెట్టాక అందులో గోప్యత మిగలదని ఆ తీర్పు సారాంశం. జనానికి ఇది నచ్చలేదు. రెండేళ్లకే, 1978లో, ఖాతాదారుల ఆర్థిక గోప్యత కోసం అమెరికా పార్లమెంటు ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

హైదరాబాదు నుంచి వచ్చిన జవాబు

ఇదే ప్రశ్న మన తెలుగు నేల మీద కూడా లేచింది. మన దేశంలో 1899 నాటి స్టాంపు చట్టం ఉంది. దస్తావేజుల మీద స్టాంపు సుంకం సరిగ్గా కట్టారో లేదో చూడటానికి, ప్రభుత్వ అధికారుల దగ్గరున్న రికార్డులను తనిఖీ చేయవచ్చని అందులో 73వ సెక్షన్ చెప్పేది. 1986లో ఆంధ్రప్రదేశ్ ఈ సెక్షన్‌ను సవరించింది. దాని ప్రకారం కలెక్టరు రాసిచ్చిన చీటీ ఉంటే ఏ మనిషైనా బ్యాంకులోకి కూడా వెళ్లి, ఖాతాదారులు దాచుకున్న దస్తావేజులను చూడవచ్చు, అవసరమనుకుంటే పట్టుకుపోవచ్చు. ఎందుకు అనుమానం వచ్చిందో కారణం రాయనక్కర్లేదు. చీటీ పట్టుకొచ్చేవాడు ఏ హోదావాడో కూడా చట్టం చెప్పలేదు.

బ్యాంకులు దీన్ని సవాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రార్, కలెక్టరు ఒకవైపు. కెనరా బ్యాంకు మరోవైపు. 2004 నవంబరులో ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ, న్యాయమూర్తి అశోక్ భాన్ హైకోర్టు మాటే సరైనదన్నారు. మిల్లర్ కేసును వాళ్లు బాగా పరిశీలించారు, కానీ ఆ దారిలో పోలేదు. గోప్యత అనేది చోటును బట్టి కాక మనిషిని బట్టి ఉంటుందని, కాగితం ఇంటి బీరువాలో ఉన్నా బ్యాంకు బీరువాలో ఉన్నా గోప్యత పోదని తేల్చారు.

నాకు ఈ తీర్పు చాలా ముఖ్యమనిపిస్తుంది. పద్దు రాసేది బ్యాంకే. కానీ అందులో ఉన్న గుట్టు మాత్రం మనిషిదే.

బెంగళూరు పెద్దాయన

అయినా ఒక చిక్కు మిగిలింది. మన రాజ్యాంగంలో గోప్యత అనే మాట ఎక్కడా లేదు. 1954లో ఎనిమిది మంది జడ్జీలు, 1962లో ఆరుగురు జడ్జీలు ఇచ్చిన తీర్పుల్లో అది ప్రాథమిక హక్కు కాదన్నట్టు మాటలున్నాయి. ఆ చిక్కు విప్పించింది మన ఊళ్లో ఉన్న ఒక పెద్దాయన. ఆయనే జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరయ్యారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు కూడా నాయకత్వం వహించారు. 2012లో, ఎనభై ఆరేళ్ల వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు.

పాత తీర్పు ఎనిమిది మందిది కాబట్టి దాన్ని తిరగరాయాలంటే తొమ్మిది మంది కూర్చోవాలి. కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పారు. వాళ్లలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఉన్నారు, కర్ణాటకకు చెందిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఉన్నారు. ఆ హక్కును ప్రభుత్వం తాకాలంటే ఒక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి ముందుకు పోకూడదు. పుట్టస్వామిగారు 2024 అక్టోబరులో బెంగళూరులో కన్నుమూశారు.

నాలుగంకెల కోడ్

ఇప్పుడు తుపాకుల సంగతి. కార్డు తీసుకునే ప్రతి దుకాణానికీ అది ఏ రకం దుకాణమో చెప్పే నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. మందుల షాపుకు ఒకటి, హోటలుకు ఒకటి. అమెరికాలో తుపాకీ దుకాణాలకు విడిగా కోడ్ ఉండేది కాదు, ఆట సామాన్ల దుకాణాలు వగైరాలతో కలిపేసేవారు. 2012లో ఔరోరా సినిమా హాల్లో, 2016లో ఓర్లాండోలో కాల్పులు జరిపినవాళ్లు అంతకు ముందు కార్డుల మీద ఆయుధాలు కొన్నారని తేలింది. బ్యాంకులు ముందే గమనించి చెప్పి ఉంటే ప్రాణాలు నిలిచేవి కదా అని చాలామంది అడిగారు. న్యూయార్కులోని అమాల్గమేటెడ్ బ్యాంకు దరఖాస్తు మీద, 2022 సెప్టెంబరులో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తుపాకీ దుకాణాలకు 5723 అనే కోడ్ ఇచ్చింది. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాడతామన్నాయి.

వెంటనే గొడవ లేచింది. తుపాకీ యజమానుల జాబితాను కేంద్ర ప్రభుత్వం తయారు చేయకూడదని అమెరికాలో 1986లోనే చట్టం వచ్చింది. ప్రభుత్వం చేయకూడని జాబితాను కార్డు కంపెనీలు దొడ్డిదారిన చేసిపెడతాయా అని తుపాకీ యజమానులు అడిగారు. 2023 మార్చిలో కంపెనీలు ఆ పని ఆపేశాయి. ఇప్పుడు ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు ఆ కోడ్ వాడొద్దంటే, కాలిఫోర్నియా వాడి తీరాలంటోంది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటే. కోడ్ చెప్పేది దుకాణం గురించే, సరుకు గురించి కాదు. ఆ దుకాణంలో మనిషి తుపాకీ కొన్నాడో, అడవికి వెళ్లడానికి బూట్లు కొన్నాడో కోడ్‌కు తెలియదు. పద్దు సగం మాటే చెబుతుంది. మిగతా సగం చదివేవాడు ఊహించుకుంటాడు.

మన దేశంలో తుపాకుల విషయంలో ఈ తగాదా లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ముందు లైసెన్సు, తర్వాతే కొనడం. మన రాష్ట్రంలో కొడగు కొడవలకు, అక్కడి జమ్మా భూముల హక్కుదారులకు మాత్రం లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. దాన్ని కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. కాబట్టి ఎవరి దగ్గర తుపాకీ ఉందో తెలుసుకోవడానికి మన ప్రభుత్వానికి కార్డు పద్దులు అక్కర్లేదు. కానీ పద్దులు చదివి మనుషులను అంచనా వేసే పద్ధతి మన వీధుల్లోకి ఇంకో దారిలో వచ్చింది.

2025 జూలై, బెంగళూరు

యూపీఐ 2016లో మొదలైంది. కొత్తిమీర కట్ట నుంచి కొబ్బరిబోండం దాకా మనం దాంతోనే కొంటున్నాం. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ కంపెనీల దగ్గర నుంచి నాలుగేళ్ల లెక్కలు తెప్పించుకుని వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. సరుకులైతే ఏడాదికి 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేసుకోవాలన్నది నియమం. ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షల రూపాయల నోటీసు వచ్చిందని పత్రికలు రాశాయి. తాజా కూరగాయలకు అసలు పన్నే లేదు.

బెంగళూరు నిండా క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు మాయమై, “నగదు మాత్రమే” అని చేత్తో రాసిన అట్టముక్కలు వెలిశాయి. మా వీధిలో కొట్టు నడిపే అంకుల్ కూడా ఒకటి వేలాడదీశారు. “చెల్లెలు అప్పు తీర్చిన డబ్బూ అదే నంబరుకు వచ్చింది, పాలు అమ్మిన డబ్బూ అదే నంబరుకు వచ్చింది. ఏది ఏదో వాళ్లకెలా తెలుస్తుందమ్మా?” అని అమ్మతో అన్నారు. వ్యాపారులు బంద్ చేస్తామన్నారు. జూలై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వాళ్లతో మాట్లాడి, పాత బకాయిలు వసూలు చేయబోమని, ఇకమీదట నమోదు చేసుకోవాలని చెప్పాక గొడవ సద్దుమణిగింది.

అంకుల్ మాట, అమెరికా కోడ్ కథ ఒకటే. పద్దులో మొత్తం ఉంటుంది, అర్థం ఉండదు.

తప్పు చేయనివాడికి భయమెందుకు?

ఈ వ్యాసం రాస్తుంటే తాతయ్య ఇదే అడిగారు. “పన్ను ఎగ్గొట్టేవాణ్ణి, ప్రాణాలు తీసేవాణ్ణి పట్టుకోవద్దా?” అన్నారు. పట్టుకోవాలి. పన్ను డబ్బుతోనే మన బడులు, ఆసుపత్రులు నడుస్తాయి. తుపాకీ కాల్పుల్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి గోప్యత గురించి పాఠం చెప్పే ధైర్యం నాకు లేదు.

కానీ తాతయ్యను నేను ఒకటి అడిగాను. “మీరు ప్రతి నెలా మందుల షాపులో ఎంత ఇస్తారో, ఏ ఆసుపత్రికి వెళ్తారో ఆ పద్దు చూసి ఎవరైనా మీ జబ్బు ఊహించి నలుగురికీ చెబితే?” తాతయ్య కాసేపు మాట్లాడలేదు. “అది నేను చెప్పాల్సిన సంగతి” అన్నారు. ఆయన చేసిన తప్పేమీ లేదు, అయినా అది ఆయన గుట్టే.

కాబట్టి చూడాల్సిందల్లా ఎవరు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు, ఎంత అడుగుతున్నారు అన్నదే. ఫలానా మనిషి మీద ఫలానా అనుమానం ఉంటే, కారణం రాసి, జడ్జి అనుమతితో ఆ మనిషి పద్దు చూడవచ్చు. అందరి పద్దులూ ఒకేసారి గుట్టగా పోసి, అందులోంచి దొంగను ఏరుతామంటే నిర్దోషులు కూడా సంజాయిషీ చెప్పుకుంటూ తిరగాలి. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. అందులోనే, కేంద్రం కావాలనుకుంటే కొన్ని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు కూడా పెట్టింది. ఆ వీలు ఎంత దూరం పోతుందో మన తరం కనిపెట్టి ఉండాలి.

మా తరగతిలో చాలామందికి ఇంకా బ్యాంకు ఖాతా లేదు. రెండు మూడేళ్లలో వస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు ఫారం మీద సంతకం ఎక్కడ పెట్టాలో బ్యాంకువాళ్లు చూపిస్తారు. సంతకం పెట్టినంత మాత్రాన మన గుట్టు వాళ్లకు రాసిచ్చినట్టు కాదని మాత్రం మనమే గుర్తుపెట్టుకోవాలి. ఆ మాట హైదరాబాదు కేసులో 2004లో తేలింది, బెంగళూరు పెద్దాయన కేసులో 2017లో గట్టిపడింది.