తులసి కుండీ, వేప గింజ

గత నెలలో మా వరండాలోని తులసి మొక్క కణుపుల వద్ద దూది పింజల వంటి తెల్లని మచ్చలు కనిపించాయి. వేలితో తుడిస్తే జిగట. పిండినల్లి! మందుల దుకాణంవాడు మరుమాట లేకుండా ఒక సీసా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చాను గాని మూత తీయడానికి మనసొప్పలేదు. ఆ ఆకులే ప్రతి ఉదయం మా అమ్మ తీర్థంలో పడతాయి. దగ్గు వస్తే మా పిల్లవాడి నోట్లోనూ పడతాయి.

"ఆ విషమెందుకురా? నాలుగు వేప గింజలు నూరి, ఆ నీళ్ళు చల్లు" అంది అమ్మ. నిజం చెప్పాలంటే నాకు నమ్మకం కలగలేదు. ఆ అపనమ్మకమే నా చేత వేప చరిత్ర చదివించింది.

ధాన్యంలో వేపాకు కలిపి దాచడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. అయితే అలవాటు వేరు, ఋజువు వేరు. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుండి నింబిన్ మొదలైన చేదు పదార్థాలను వేరుచేశారు. 1959లో సూడాన్‌పై మిడతల దండు విరుచుకుపడినప్పుడు, చుట్టూ ఉన్న పచ్చదనమంతా మాయమైనా వేపచెట్లు మాత్రం నిలిచి ఉండటం జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిఖ్ ష్ముట్టెరర్ కంటబడింది. 1962లో ఢిల్లీలో ఎస్. ప్రధాన్ వేపపప్పు నూరి నీటిలో కలిపి పైర్లపై చల్లించారు. మిడతలు వచ్చి వాలాయి, కాని ఆకు కొరకలేదు. మా అమ్మ చెప్పిన పద్ధతి కూడా ఇదే కదా!

ఆ చేదు వెనుక ఉన్న ముఖ్య పదార్థాన్ని 1968లో ఇంగ్లాండులో బటర్‌వర్త్, మోర్గన్‌లు వేరుచేశారు. దాని పేరు అజాడిరాక్టిన్. అది పురుగును తక్షణం చంపదు. తిండి మీద విరక్తి పుట్టిస్తుంది, కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. ఎంత చిక్కైన అణువంటే, కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం దానిని ప్రయోగశాలలో నిర్మించగలిగింది 2007లోనే, అదీ రెండు దశాబ్దాలకు పైగా శ్రమించిన తరువాత. మన రాజమండ్రి పొగాకు పరిశోధన కేంద్రం కూడా నారుమళ్ళలో లద్దెపురుగు మీద వేపపప్పు ద్రావణాన్ని పరీక్షించి రైతులకు సూచించింది.

ఇక అసలు కథ. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యు. ఆర్. గ్రేస్ కంపెనీకీ కలిపి 1994లో యూరోపియన్ పేటెంటు కార్యాలయం హక్కులిచ్చింది. వందనా శివ ప్రభృతులు అభ్యంతరం తెలిపారు. ఆ పని భారతదేశంలో అంతకుముందే జరిగిందన్న సాక్ష్యం విన్నాక 2000లో ఆ పేటెంటు రద్దయింది. అప్పీలు కూడా 2005 మార్చిలో వీగిపోయింది.

ఇదంతా చదివాక సీసా తిరిగి ఇచ్చివేసి, అమ్మ ముందు కూర్చున్నాను. లీటరు నీటికి యాభై గ్రాముల వేపపప్పు నూరి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి పిండాము. పిండినల్లి ఒంటి మీది మైనపు పూతను దాటేందుకు కాస్త కుంకుడు రసం కలిపాము. ఎండకు వేప గుణం త్వరగా నశిస్తుంది కనుక సాయంత్రమే, ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లాము. వారానికొకసారి చొప్పున మూడుసార్లు. అంతకుముందే ముదురు పురుగులను తడి దూదితో తుడిచివేశాము. అప్పటిదాకా ఆకు కోయలేదు. వేప అయినంత మాత్రాన అన్నివిధాలా నిరపాయమని కాదు; వేపనూనె తాగిస్తే పసిపిల్లలకు ప్రమాదం.

నాలుగో వారానికి కొత్త చిగుళ్ళు వచ్చాయి.

ఆ పేటెంటు గెలుపు తలుచుకుంటే సంతోషంతో పాటు కొంత బెంగ కూడా కలుగుతుంది. మన పక్షాన నిలిచినది సాక్ష్యం. మరి మన అమ్మమ్మలు ఏదీ వ్రాసిపెట్టలేదే! నేను మాత్రం అమ్మ చెప్పిన పాళ్ళను ఆ రాత్రే నోటుపుస్తకంలో తేదీ వేసి వ్రాసుకున్నాను. మీ ఇళ్ళలో ఇటువంటివి ఎన్ని ఉన్నాయో! పెద్దవాళ్ళు ఉండగానే అడిగి వ్రాసిపెట్టుకోండి.