పోయిస్ కోటలో టిప్పు డేరా

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానం ఏమైనదో పరిశీలించవలసిందని దివ్య ఖుర్ఆన్ పలు సందర్భాల్లో ఉద్బోధిస్తున్నది. ఈ ఉద్బోధ శిథిలాలకు మాత్రమే వర్తిస్తుందని భావించనక్కరలేదు. చెక్కుచెదరకుండా కాపాడుకొంటున్న కోటలు కూడా ఒక్కొక్కప్పుడు శిథిలాలను మించిన పాఠం చెబుతాయి. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, వెల్ష్‌పూల్ పట్టణం చెంతనున్న పోయిస్ కోట అటువంటిది.

13వ శతాబ్దిలో వేల్స్ రాజవంశీయులు దీనిని నిర్మించారు. ఎర్రరాతి గోడలు, మెట్లుమెట్లుగా దిగే ఉద్యానవనాలు దీని ప్రత్యేకత. 1952 నుండి ఇది నేషనల్ ట్రస్టు అధీనంలో ఉన్నది. యాత్రికులు తోటల అందాన్ని చూచి ముచ్చటపడతారు. కాని దక్షిణ భారత ముస్లిం ఈ కోటలో అడుగుపెడితే అతని చూపు నిలిచే చోటు వేరు. 1987లో ఇక్కడ క్లైవ్ మ్యూజియం పేరుతో ఒక ప్రదర్శనశాల ఏర్పడింది. భారతదేశం నుండి తరలివెళ్ళిన ఎన్నో వస్తువులు అందులోనివే. వాటిలో టిప్పు సుల్తాన్ షహీద్‌దిగా ప్రసిద్ధమైన డేరా ఒకటి. తెల్లని నూలుగుడ్డపై పూలకుండీలు, తీగలు అద్దిన 18వ శతాబ్ది పనితనమది. ఆయన సింహాసనాన్ని అలంకరించిన చిన్న పులితలల్లో ఒకటి కూడా అక్కడే ఉన్నది. బంగారంతో చేసి రత్నాలు పొదిగినది.

ఇవి అక్కడికెలా చేరాయి? ప్లాసీ విజేత రాబర్ట్ క్లైవ్ కుమారుడు ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుండి 1803 వరకు మద్రాసు గవర్నరు. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది. సుల్తాన్ కోట ద్వారం వద్ద పోరాడుతూ షహీదైనారు. ఆ రాత్రి పట్టణం దోపిడీకి గురైంది. మిగిలిన సంపదను సైనికాధికారులు లెక్కగట్టి వంతులు వేసుకొన్నారు. సింహాసనాన్ని ముక్కలు చేశారు. దాని పెద్ద పులితల, పైనుండే హుమా పక్షి విండ్సర్ రాజప్రాసాదానికి చేరాయి. ఎవరిపై తన నీడ పడితే వారు రాజవుతారని చెప్పుకొనే పక్షి అది! గవర్నరు భార్య హెన్రియెట్టా 1800లో కుమార్తెలతో దక్షిణ దేశమంతా పర్యటించి శ్రీరంగపట్నం కూడా చూచింది. ఆమె పుట్టింటివారిదే పోయిస్ కోట. క్రమంగా క్లైవ్ కుటుంబపు సేకరణ ఆ కోటలో కుదురుకొన్నది. ఒక సుల్తాన్ యుద్ధయాత్రల డేరా తర్వాతి కాలంలో ఆ ఇంటివారి తోట విందులకు నీడనిచ్చింది.

ఇంతవరకు చదివినవారికి ఆగ్రహం కలగడం సహజం. ఆ ఆగ్రహం న్యాయమైనదే. కాని అక్కడితో ఆగిపోతే చరిత్రలో సగమే చదివినట్లు. శ్రీరంగపట్నంపై దండెత్తిన సేనలో ఆంగ్లేయులు మాత్రమే ఉన్నారా? లేరు. హైదరాబాదు నిజాం అలీ ఖాన్ సేన కూడా ఉన్నది. దాని వెంట మీర్ ఆలం వెళ్ళాడు. 1790-92 యుద్ధంలోను ఆంగ్లేయులు, మరాఠాలతో పాటు నిజాం టిప్పుకు ఎదురు నిలిచాడు. ఆ యుద్ధాంతంలో టిప్పు సగం రాజ్యాన్ని, 3 కోట్ల 30 లక్షల రూపాయల పరిహారాన్ని సమర్పించుకోవలసి వచ్చింది. ఇద్దరు కుమారులను తాకట్టుగా పంపవలసి వచ్చింది.

నిందనంతా నిజాంపైనే మోపడం కూడా సత్యం కాదు. నిజాంకు ఒకవైపు మరాఠాల భయం, మరొకవైపు మైసూరు భయం. 1786లో టిప్పు సేనలే నిజాం బంధువుల ఏలుబడిలోని ఆదోనిని ముట్టడించి పట్టుకొన్నాయి. తరువాత సఖ్యత కోసం టిప్పు రాయబారాలు నడిపినా మనసులు కలియలేదు. 1795లో ఖర్డా వద్ద మరాఠాల చేతిలో ఓడిన నిజాం, 1798లో కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించేందుకు ఒడంబడిక చేసుకొన్నాడు. అది జరిగిన మరుసటి ఏడే శ్రీరంగపట్నం పతనమైంది.

నిజాంకు దక్కిన ప్రతిఫలమేమి? 1792లో కడప, 1799లో గుత్తి, గుర్రంకొండ ప్రాంతాలు అతని వంతుకు వచ్చాయి. కాని 1800 అక్టోబరులో, కంపెనీ సైన్యం ఖర్చు క్రింద ఆ రెండు యుద్ధాల రాబడినంతా కంపెనీకే అప్పగించవలసి వచ్చింది. ఆ విధంగా ఇచ్చివేయబడిన జిల్లాలే దత్తమండలాలు. 1928 నుండి వాటిని రాయలసీమ అంటున్నాము. అంటే కర్నూలులోనో, కడపలోనో, అనంతపురంలోనో నివసించే పాఠకునికి పోయిస్ కోట దూరదేశపు వింత కాదు. ఆ కోటలోని డేరాను, ఇక్కడి భూములపై కంపెనీ శిస్తును రెండింటినీ తెచ్చినది ఒకే యుద్ధం.

ఆ వస్తువులను తిరిగి ఇవ్వాలన్న వాదన ఉన్నది. దానిని ధర్మబద్ధంగా వినిపించవలసిందే. దోచిన సొత్తు ఎన్ని సంవత్సరాలు భద్రంగా ఉంచినంత మాత్రాన స్వంతమైపోదు. అయితే డేరా రేపు తిరిగి వచ్చినా, ఒక ప్రశ్న మాత్రం మన వద్దనే మిగిలి ఉంటుంది. ఒకే ఖిబ్లా వైపు నిలిచి నమాజు చేసిన రెండు దర్బారులు, ఒకదాని పతనంలో మరొకటి తన రక్షణను ఎందుకు చూచుకొన్నాయి? ఆ రక్షణ నిలువలేదు. పులితల ఒకరి పాలైంది, భూములు కూడా వారి పాలే అయినాయి.

అల్లాహ్ అనుగ్రహించి ఆ కోటను చూచే అవకాశం లభించినవారు డేరా ముందు కొంచెంసేపు నిలబడాలి. దానిని తీసుకుపోయినవారి పేరు అక్కడ కనిపిస్తుంది. దానిని పోగొట్టడంలో తోడైన మనవారి పేర్లు మాత్రం మనమే గుర్తుచేసుకోవాలి.