చచ్చినా తీరని వెట్టి

1932లో అమెరికాలో విడుదలయిన ‘వైట్ జాంబీ’ అను చలనచిత్రములో ఒక చెరకు మిల్లు దృశ్యము ఉన్నది. రాత్రివేళ. కొందరు గంపలతో చెరకు మోసుకొని వచ్చి వరుసగా గానుగలో పోయుదురు. మరికొందరు క్రింద నిలిచి గానుగను త్రిప్పుదురు. వారిలో ఒకడు కాలు తడబడి చెరకుతోపాటు గానుగలో పడును. వాడు కేక వేయడు. వెనుకవాడు ఆగడు. గానుగ కూడ ఆగదు. కొయ్యల కిర్రు తప్ప ఆ మిల్లులో వేరు ధ్వని లేదు. పనివాండ్రందరును చచ్చినవారు, సమాధులనుండి లేపి పనిలో పెట్టబడినవారు. మిల్లు యజమాని తనను చూడవచ్చిన తోట దొరతో, వీరికి పనిగంటలు ఎక్కువయినను చింత లేదని సగర్వముగా చెప్పుకొనును.

మృతులచేత పని చేయించు యంత్రములను గూర్చిన కథలు నేటి శాస్త్రకల్పనాసాహిత్యములో పెక్కు. వాటిని రాబోవు కాలమును గూర్చిన భయములుగా చదువుట వాడుకయినది. కాని ఈ భయమునకు ఊరు, పేరు, తేదీలు ఉన్నవి. ఊరు హైతీ, యంత్రము చెరకు మిల్లు.

హిస్పానియోలా ద్వీపపు పశ్చిమభాగము 1697లో ఫ్రెంచివారి వశమయినది. దానికి వారు పెట్టిన పేరు సెంట్ డొమింగ్. శతాబ్ది గడవకమునుపే, 1789 నాటికి, ఆ చిన్న భూభాగములో సుమారు 5 లక్షలమంది బానిసలుండిరి. ఐరోపా తిన్న చక్కెరలో ఇంచుమించు నూటికి 40 పాళ్లు అక్కడనుండి వచ్చినదే. నరికిన చెరకు నిలువ యుండదు; రసము పులిసిపోవును. కనుక కోతకాలములో మిల్లు రేయింబవళ్లు తిరుగవలసినదే. నిద్రమత్తులో చెరకు పెట్టువాని వ్రేళ్లు రోలర్లలో చిక్కుకొన్నచో చేయి మొత్తము లోనికి పోవును. అట్టి సమయమున చేతిని నరికివేయుటకై కరీబియన్ మిల్లులలో ఒక కత్తిని అందుబాటులో ఉంచెడివారని ఆనాటి వ్రాతలు చెప్పుచున్నవి. 1759లో వోల్టేరు తన ‘కాందీద్’లో మిల్లుకు చేయి పోగొట్టుకొన్న బానిసను నిలిపినది ఈ వాస్తవముపైననే. సెంట్ డొమింగ్‌లో పుట్టుకలకంటె చావులు ఎక్కువ. బిడ్డలను పెంచుటకంటె ఆఫ్రికానుండి క్రొత్తవారిని కొని తెచ్చుట చౌక అని యజమానులు లెక్క కట్టిరి. కావున ఆ మిల్లు ముందు నిలిచినవారిలో అధికసంఖ్యాకులు ఆఫ్రికాలో పుట్టినవారే.

వారికి మిగిలిన ఆశ మరణమొక్కటే. చచ్చినవాని ఆత్మ సముద్రము దాటి గినీకి, తన వారివద్దకు, తిరిగిపోవునని వారి విశ్వాసము. ఈ నమ్మకముతో ఉరి వేసుకొన్నవారు అనేకులు. యజమానులకు ఇది పెద్ద నష్టము. ఫ్రెంచి మతాచార్యుడు లబా 1722లో ప్రకటించిన తన ద్వీపయాత్రాగ్రంథములో ఒక ఉదంతమును వ్రాసినాడు. ఒక ఆంగ్లేయ యజమాని తోటలో బానిసలు ఒకరి వెంట ఒకరు ఉరి వేసుకొనుచుండిరి. ఒకనాడు కొందరు అడవిలోనికి పోయి అందరును కలిసి చావ నిశ్చయించిరని అతనికి తెలిసినది. అతడు చక్కెర కాచు బానలను, మిల్లు సామగ్రిని బండ్ల కెత్తించి, చేత త్రాడు పట్టుకొని వారివద్దకు పోయినాడు. తానును వారితోపాటు ఉరి వేసుకొందునని, గినీలో తాను ఒక చెరకు తోట కొంటినని, ముందుగా చచ్చినవారిని తన మనుష్యులు అక్కడ పట్టి ఇనుప సంకెలలు వేసి పని చేయించుచున్నారని చెప్పినాడు. అక్కడ ఆదివారపు విశ్రాంతి కూడ ఉండదనినాడు. బానిసలు అతని కాళ్లపై పడి, ఇక చావమని మాట యిచ్చి, పనికి మరలిరి.

లబా దీనిని యజమాని చాతుర్యమునకు నిదర్శనముగా, వినోదముగా చెప్పినాడు. తరువాతి కాలమున ఏ రచయితయు ఇంతకంటె క్రూరమయిన యంత్రమును కల్పింపలేదు. బానలు, బండ్లు, మిల్లు, అన్నియు పరలోకమునకు! చావు కూడ యజమాని సరిహద్దుకు బయట లేదని ఒప్పించినచో చాలును, సంకెల అక్కరలేదు. జాంబీ భావన ఆ ఒక్క సంఘటనలోనుండి పుట్టినదని కాదు. అది దేనికి భయపడుచున్నదో ఈ కథలో నగ్నముగా కనబడుచున్నది. హైతీ రైతు జాంబీని చూచి భయపడుట తక్కువ. తానొక జాంబీ కావలసివచ్చునేమోయని భయపడుట ఎక్కువ.

మాట చరిత్ర వేరు. 1797లో మొరో ద సేంమెరీ సెంట్ డొమింగ్‌ను వర్ణించుచు, జాంబీ అనగా ఆత్మ, తిరిగివచ్చిన దయ్యము అని అర్థము చెప్పినాడు. అందులో చాకిరి లేదు. కూలి చేయు శవమను అర్థము గ్రంథములలో స్థిరపడినది చాల కాలమునకు. మన భేతాళుడు కూడ శవములో చేరినవాడే. కాని అక్కడ మోయువాడు బ్రతికియున్న రాజు, భుజముపై నుండి ప్రశ్నలు వేయువాడు భేతాళుడు. జాంబీకి నోరు లేదు, ప్రశ్న లేదు. మోయుటయే అతని పని.

1791 ఆగస్టులో ఉత్తరమైదానపు బానిసలు తిరుగబడినప్పుడు తోటలను కాల్చిరి, మిల్లులను పగులగొట్టిరి. యంత్రముపై వారి పగ ఎట్టిదో దీనివలన తెలియును. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమయినది. అయినను మిల్లు తిరుగుట మానలేదు. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలను పంపి, పూర్వపు యజమానుల నష్టమునకు పరిహారముగా 150 మిలియన్ల ఫ్రాంకులు కోరినది. 1838లో దానిని 90 మిలియన్లకు తగ్గించినది. ఆ నష్టపు లెక్కలో మనుష్యుల వెల కూడ చేరియున్నది. అనగా తాతలకు కట్టిన వెలను మనుమలు చెల్లింపవలసివచ్చినది. ఆ బాకీకై తెచ్చిన అప్పుల శేషము తీరుసరికి 1947 అయినది. స్వదేశ పాలకులును వెనుకబడలేదు. 1826నాటి గ్రామీణ శాసనము రైతును తోటకు కట్టివేసినది. 1864నాటి గ్రామీణ శాసనము రోడ్లపై నిర్బంధముగా పని చేయించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. అదే 1864లో హైతీ శిక్షాస్మృతిలో మరియొక నిబంధన చేరినది: ఒకనికి మందు పెట్టి చచ్చినట్లు పడియుండు స్థితి కలిగించుట విషప్రయోగమగును, ఆ స్థితిలో వానిని పాతిపెట్టినచో అది హత్య యగును. ఒకే సంవత్సరములో చట్టము శవముచేత చాకిరిని శంకించినది, బ్రతికినవానిచేత చాకిరికి అనుమతించినది.

1915లో అమెరికా సైన్యములు హైతీలో దిగి 1934వరకు ఉన్నవి. పాత గ్రామీణ శాసనమును బయటకు తీసి, రోడ్ల నిర్మాణమునకై రైతులను పట్టి, త్రాళ్లతో కట్టి నడిపించిరి. దానిని హైతీలో కోర్వే అందురు. దానిపై షార్లమాన్ పెరాల్త్ అను నాయకుడు తిరుగబడి, 1919లో చంపబడినాడు. అతని శవమును ఒక తలుపునకు కట్టి నిలబెట్టి ఛాయాచిత్రము తీసి ప్రతులను పంచిపెట్టిరి. తిరుగుబాటు అణచుటకు ఆ మృతుని ఉపయోగింప దలచిరి. ఆ శవము మాత్రము చెప్పిన పని చేయలేదు. అట్లు నిలిచిన ఆ రూపములో జనులకు సిలువపై క్రీస్తు కనబడినాడు. ఫిలోమే ఒబిన్ అను చిత్రకారుడు దానినే సిలువదృశ్యముగా చిత్రించినాడు.

ఈ ఆక్రమణకాలములోనే కూలి జాంబీ ప్రపంచమునకు తెలిసినాడు. విలియం సీబ్రుక్ అను అమెరికన్ పాత్రికేయుడు 1929లో ‘ది మ్యాజిక్ ఐలండ్’ అను గ్రంథము ప్రకటించినాడు. అతడు విన్న కథ 1918నాటిది. హాస్కో అను అమెరికన్ చక్కెర కంపెనీకి కూలీలు ఎక్కువ కావలసియుండగా, ఒక మేస్త్రీ చూపులేని కన్నులతో నడచు మనుష్యులను వరుసగా తెచ్చి పేర్లు వ్రాయించినాడు. వారి కూలి వాడే తీసికొనెడివాడు. వారికి ఉప్పు తగులకూడదు. ఒకనాడు మేస్త్రీ భార్య జాలిపడి తీపి పలుకులు కొని పెట్టినది. వాటిలోని గింజలకు ఉప్పు అంటియున్నది. అది నాలుకకు తగులగానే తాము చచ్చినవారమని వారికి తెలిసినది. వారు కొండలలోని తమ ఊరికి పోయి, తమ గోరీలను చేతులతో త్రవ్వుకొని పండుకొనిరి. సీబ్రుక్ అతిశయోక్తిప్రియుడు, అతని వర్ణనలలో తెల్లవాని కుతూహలము, అహంకారము రెండును ఉన్నవి. కాని కంపెనీ పేరు, మేస్త్రీ, కూలి పుస్తకము అతడు కల్పించిన అలంకారములు కావు. జనులు తాము చూచినదానినే దయ్యపు కథగా చెప్పుకొనిరి.

ఉప్పును గూర్చి ఒక మాట. తెలుగులో ‘ఉప్పు తిన్నవాడు’ అనగా యజమానికి కట్టుబడినవాడు. ‘ఉప్పూ కారమూ తినుచున్నావా?’ అనినచో పౌరుషమున్నదా అని అర్థము. హైతీ ఉప్పు ఈ రెండవదానికి చుట్టము. తెలుగు అనువాదకుడు మొదటి అర్థమును తలచుకొని వ్రాసెనా, కథ తలక్రిందులగును.

అమెరికన్లు హైతీని ఆక్రమించియుండిన కాలములోనే, చాల దూరమున, ప్రాగ్ నగరమున, మరియొక మాట పుట్టినది. కారెల్ చాపెక్ 1920లో ప్రకటించి 1921లో ప్రదర్శింపజేసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకములో కర్మాగారములో తయారయిన కృత్రిమమానవులకు లాటిన్ మూలము గల పేరొకటి మొదట అతడు తలచినాడు. అన్న జోసెఫ్ ‘రోబోట్’ అనుమని సూచించినాడు. చెక్ భాషలో ‘రోబొతా’ అనగా భూస్వామి పొలములో రైతు ఊరక చేయవలసిన పని. బొహీమియాలో అది 1848లో రద్దయినది. హైతీ కోర్వేకును, చెక్ రోబొతాకును తెలుగులో ఒకటే మాట ఉన్నది: వెట్టి. రోబోట్‌ను ‘మరమనిషి’ అని అనువదించుట స్థిరపడినది. మరను నిలుపుకొని వెట్టిని వదలినాము. నిజాం పాలనలోని తెలంగాణలో తండ్రి చేసిన అప్పునకు కొడుకు భాగేలాగా దొరయింట బ్రతుకు గడపుట ఎరిగినవారికి, చచ్చినవాడు బ్రతికినవానిచేత పని చేయించునను మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు. అప్పునకై మనిషిని కట్టివేయుట దేశమంతట చట్టవిరుద్ధమయినది 1976లో.

1968లో రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చిత్రముతో శవము పని మాని, మనుష్యులను తినసాగినది. ఆనాటినుండి ప్రపంచమంతట ఆ తిండిపోతే ప్రసిద్ధుడు. గంప, గానుగ, మేస్త్రీ మరుగుపడినారు.

హైతీలో మరుగుపడలేదు. 1975లో, డువాలియేల పాలన నడుచుచుండగా, ఫ్రాంకెటియెన్ ‘దెజాఫీ’ అను నవలను ప్రకటించినాడు. అది హైతీ క్రియోలులో వెలువడిన మొదటి నవల. అందులో సెంతిల్ అను మాంత్రికుడు జాంబీలచేత వరిపొలములలో పని చేయించును. అతని కూతురు సిల్తానా, క్లొదోనిస్ అను ఒక జాంబీపై మనసుపడి, వానికి ఉప్పు వేసిన ఆహారము పెట్టును. మేల్కొన్న క్లొదోనిస్ సీబ్రుక్ కథలోనివారివలె గోరీకి పోడు. ఉప్పు చేతబట్టి మిగిలినవారివద్దకు పోవును.