సౌత్ జోన్ పంతాలు ఎప్పుడు చల్లారాయి?

రంజీ ట్రోఫీలో జోన్లు ఎత్తేశాకే హైదరాబాద్ క్రికెట్‌లో పాత పంతాలు పోయాయని మనవాళ్ళ మాట. 2002-03లో ఎలైట్, ప్లేట్ అంటూ రెండు వరుసలు చేశారు. మద్రాసుతోనూ బెంగళూరుతోనూ ఏటేటా జరిగే పోరు ఆ దెబ్బకు ఆగిపోయిందంటారు. సికింద్రాబాద్ జింఖానా మైదానం గోడ పక్కన నిలబడి ఆట చూసిన నా తరమూ ఇదే నమ్మింది. పాత స్కోర్లు తిరగేస్తుంటే మాత్రం ఈ లెక్క కుదరడం లేదు.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఆడటానికి లియరీ కాన్‌స్టంటైన్ అంతటివాడు ఇక్కడికొచ్చాడు. రంజీలో మొట్టమొదటి మ్యాచ్ 1934 నవంబర్ 4న ఇరుగుపొరుగులైన మద్రాస్, మైసూర్ మధ్యే జరిగి ఒక్కరోజులో ముగిసింది. 1937-38లో హైదరాబాద్ నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి కప్పు తెచ్చుకుంది. అప్పట్లో అంతా నాకౌటే. ఓడితే ఇంటికి.

అసలు కథ 1957-58లో జోన్ల లోపల లీగ్ పెట్టడంతో మొదలవుతుంది. జోన్‌కు ఒక్క జట్టే ముందుకు వెళ్ళేది. ఇన్నింగ్స్ ఆధిక్యం ఒక్క పరుగైనా ఏడాది కష్టాన్ని తేల్చేసేది. సికింద్రాబాద్‌లో పుట్టిన జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ, తర్వాత వచ్చి చేరిన పటౌడీ... ఇంతమంది ఉండీ 1969-70 వరకు సాగిన ఆ పదమూడు సీజన్లలో హైదరాబాద్ ఫైనల్ చూసింది ఒక్కసారే, 1964-65లో. అదీ బొంబాయి చేతిలో పోయింది. నలుగురు మహా స్పిన్నర్లని దేశం చెప్పుకునేవాళ్ళలో ప్రసన్న, చంద్రశేఖర్ మైసూరు వాళ్ళు, వెంకటరాఘవన్ మద్రాసు వాడు. బేడీ ఒక్కడే బయటివాడు. అంటే మనవాళ్ళు ఆ ముగ్గురినీ ఏటా ఎదుర్కోవాల్సిందే. మణికట్టు ఆటంటే హైదరాబాదే అని మురిసిపోతాం కానీ, ఆ మణికట్టుకు సానపెట్టినవాళ్ళు పొరుగువాళ్ళేనని నా అనుమానం. రుజువు చేయమంటే కష్టమే.

1970-71 నుంచి జోన్‌కు రెండు జట్లను పంపారు. 1992-93 నుంచి మూడింటిని. అప్పటికి గోవా చేరి సౌత్ జోన్‌లో ఆరు జట్లయ్యాయి. ఆరింట మూడు గట్టెక్కుతుంటే తమిళనాడు చేతిలో ఓడితే మాత్రం కొంప మునిగిందేముంది? ఎలైట్ రాక ముందే పోరులో వేడి తగ్గింది. తలుపులు బార్లా తీసినప్పుడే గుమ్మం దగ్గర తోపులాట అయిపోయింది.

నా వాదనకు అడ్డుపడే సంగతీ దాచను. 2000లో బెంగళూరు సెమీఫైనల్లో కర్ణాటక మీద లక్ష్మణ్ 353 కొట్టాడు. ఆ సీజన్లో అతని పరుగులు 1415. ఒక్క జట్టే వెళ్ళే పాత పద్ధతిలో ఒకే జోన్ జట్లు రెండు సెమీస్‌లో తలపడే వీలే లేదు. అంతటి మ్యాచ్‌ను మనకిచ్చింది నేను తిట్టిన ఆ తలుపులే.

జోన్లను మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు కూడా. 1994 జనవరిలో ఇదే జింఖానాలో ఆంధ్ర మీద హైదరాబాద్ 6 వికెట్లకు 944 చేసి డిక్లేర్ చేసింది. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. బంతి ఏరుకురావడానికే ఆంధ్ర ఫీల్డర్లకు రోజులు గడిచాయి. దాన్ని పోరు అనలేం.

ముప్పై ఏళ్ళ తర్వాత, 2024 జనవరిలో, ప్లేట్‌కు దిగజారిన హైదరాబాద్ తరఫున తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 181 బంతుల్లో సరిగ్గా అదే 366 కొట్టాడు. సమవుజ్జీలను కలుపుతామని జోన్లు తీసేసి తెచ్చిన ఏర్పాటు చివరికి చూపించింది ఇదీ. అమెరికాలో కాలేజీల కూటములు మారి 2011లో ఆగిపోయిన టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం ఫుట్‌బాల్ పోరు 2024లో మళ్ళీ మొదలైందని డాలస్‌లోని మనవాళ్ళకు తెలుసు. అక్కడ పంతం పోయిందని గగ్గోలు పెట్టే జనమున్నారు. ఇక్కడ దులీప్ ట్రోఫీలో 2024లో జోన్లు తీసి, 2025లో తిరిగి పెట్టినా అడిగిన నాథుడు లేడు.

2024 నవంబర్లో హైదరాబాద్, ఆంధ్ర ఒకే గ్రూపులో పడ్డాయి. మన గడ్డ మీద గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 203 కొట్టాడు. 944 నాటి బాకీలో కొంత తీరిందనుకున్నాను. తర్వాతి సీజన్లో ఆంధ్రను ఎ గ్రూపులో వేశారు, హైదరాబాద్‌ను డి గ్రూపులో.